అద్దకం బల్ల దగ్గర ఐదున్నర దశాబ్దాలు

ఎనభై ఏళ్లు దాటి ఎనిమిది నెలలు నిండిన పెద్దలకు మన ఇళ్లలో సహస్ర చంద్ర దర్శనం జరిపిస్తాం. కొడుకులు, కోడళ్లు, మనవలు, మనవరాళ్లు చుట్టూ చేరి, కొత్త బట్టలు పెట్టి, వెయ్యి పున్నములు చూసిన ఆ పెద్దల చేతులతో అక్షింతలు వేయించుకుంటాం. 1944 నవంబరు 11న అమృత్‌సర్‌లో పుట్టిన రీతూ కుమార్ గారు మన లెక్క ప్రకారం ఆ పుణ్యకాలాన్ని దాటి వచ్చారు. 1969లో ఆమె చేపట్టిన వృత్తి కూడా ఐదున్నర దశాబ్దాలు పూర్తిచేసుకుని వజ్రోత్సవం వైపు సాగుతోంది. ఆయుష్షూ కీర్తీ ఇలా జోడుగా పండిన వేళ, నేతను, అద్దకాన్ని, సూదిపనిని ప్రేమించే తెలుగువారందరి పక్షాన ఆ విదుషీమణికి హృదయపూర్వక శుభాభినందనలు అందజేస్తున్నాం.

ఈ రోజు ఫ్యాషన్ డిజైనర్ అంటే పల్లెటూరి అమ్మాయికి కూడా తెలుసు. 1969లో ఆ మాటే మన దేశంలో వినపడేది కాదు. బట్ట కొట్లో కొనేవాళ్లం, దర్జీ దగ్గర కుట్టించుకునేవాళ్లం, పెళ్లికి కంచి పట్టో బెనారస్ పట్టో తెచ్చుకునేవాళ్లం. దుస్తులు రూపొందించడాన్ని చదువుగా చెప్పే నిఫ్ట్ ఢిల్లీలో 1986లో గానీ మొదలు కాలేదు. మన హైదరాబాద్‌కు 1995లో వచ్చింది. మొదటి ఇండియా ఫ్యాషన్ వీక్ 2000లో జరిగింది. నిఫ్ట్ తలుపులు తెరిచేనాటికే రీతూ కుమార్ గారికి పదిహేడేళ్ల అనుభవం ఉంది. బాట లేని చోట నడిచి, వెనకవాళ్లకు బాట వేసిపెట్టిన తొలి తరంలో ఆమెది ముందు వరుస. బొటిక్ అనే అంగడి పద్ధతిని మనకు అలవాటు చేసినవారిలో కూడా ఆమె పేరే ముందు చెబుతారు.

ఢిల్లీ లేడీ ఇర్విన్ కళాశాలలో చదువు ముగించి, ఆమె అమెరికా వెళ్లి న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రియర్‌క్లిఫ్ కళాశాలలో కళా చరిత్ర చదివారు. యూరప్ చిత్రకారుల గురించి పాఠాల మీద పాఠాలు వింటున్న ఆ అమ్మాయికి సొంత దేశపు కళ గురించి తనకు తెలిసింది ఎంత తక్కువో అక్కడే తెలిసివచ్చింది. ఆ లోటు తీర్చుకోవడానికి ఆమె ఎంచుకున్న దారి గమనించదగ్గది. తిరిగి వచ్చాక కలకత్తా విశ్వవిద్యాలయం వారి ఆశుతోష్ మ్యూజియంలో మ్యూజియాలజీ చదివారు. పాత వస్తువును ఎలా చూడాలి, దాని కాలం ఎలా గుర్తించాలి, అది ఎవరి చేతిలో ఎలా తయారైందో ఎలా ఆరా తీయాలి అన్నది ఆ చదువు. ఆమె తర్వాత చేసిన ప్రతి పనిలోనూ ఆ శిక్షణ కనిపిస్తుంది. నా దృష్టిలో రీతూ కుమార్ మొదట పరిశోధకురాలు, ఆ తర్వాతే డిజైనరు. ఆ వరుస అలా ఉండడం వల్లే ఆమె పని ఇన్నేళ్లు నిలబడింది.

ఆ మ్యూజియం చదువు రోజుల్లోనే కలకత్తాకు దగ్గరలోని సీరాంపూర్ ఆమె కంటబడింది. హుగ్లీ ఒడ్డున, బారక్‌పూర్‌కు ఎదురుగా ఉన్న ఈ ఊరు 1845 దాకా డేన్ల పాలనలో ఉండేది. తెలుగువాళ్లకు కూడా ఆ ఊరు పరాయిది కాదు. విలియం కేరీ రాసిన తెలుగు వ్యాకరణం 1814లో అచ్చయింది అక్కడి మిషన్ ముద్రణాలయంలోనే. కాగితం మీద తెలుగు అక్షరాన్ని అచ్చొత్తిన ఆ ఊళ్లోనే బట్ట మీద పూలూ లతలూ అద్దే కుటుంబాలు కూడా ఉండేవి. రీతూ కుమార్ గారు చూసేసరికి ఆ అద్దకం పనివాళ్లకు పని లేదు. చేతుల్లో విద్య ఉంది, కొనేవాళ్లు కరువయ్యారు. మిల్లు బట్ట మీద యంత్రం గంటలో గజాల కొద్దీ పూలు గుద్ది పడేస్తుంటే, చేత్తో అద్దిన బట్టకు ధర పలకని రోజులవి.

రెండు బల్లలు, నలుగురు అద్దకం పనివాళ్లు. 1969లో ఆమె పెట్టుబడి అంతే. ఈ రోజు దేశమంతా తెలిసిన పేరు ఆ రెండు బల్లల మీద పుట్టింది.

ఆ బల్ల మీద జరిగే పని ఎంతటిదో ఒకసారి దగ్గరగా చూడాలి. బల్ల పైన గోనెపట్టా పొరలు పొరలుగా పరిచి, ఆ మెత్తటి పరుపు మీద బట్టను ముడత లేకుండా లాగి బిగిస్తారు. పక్కన రంగు పెట్టె, అందులో రంగు పీల్చుకున్న మెత్త. పనివాడు చెక్క అచ్చును ఆ మెత్త మీద ఒక్కసారి తాకించి, బట్ట మీద గురి చూసి ఆనించి, అచ్చు వీపు మీద పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతాడు. ఆ గుద్దు బలమైతే రంగు చిమ్ముతుంది, మెత్తనైతే గీత తెగిపోతుంది. ముందు రూపురేఖ అచ్చు, తర్వాత ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. ఆరంగుళాల అచ్చుతో ఐదున్నర మీటర్ల చీర నిండా అద్దాలంటే ఒక్క రంగుకే దాదాపు 270 సార్లు ఆ పిడికిలి లేచి పడాలి. నాలుగు రంగుల చీరకైతే ఆ లెక్క వెయ్యి దాటుతుంది. ఆ వెయ్యింటిలో ఒక్కటి వెంట్రుకవాసి పక్కకు జరిగినా పూరేకుకూ దాని అంచుకూ మధ్య తెల్లటి సందు కనబడిపోతుంది. ఇంత పట్టు ఉన్న చేతిని బజారు పక్కన పెట్టేసిందని గుర్తుపట్టి, ఆ చేతికి మళ్లీ పని కల్పించడానికే రీతూ కుమార్ గారు తన జీవితాన్ని కేటాయించారు.

పనివాళ్లు దొరికారు సరే, ఏ నమూనాలు అద్దాలి? ఇక్కడే ఆమె మ్యూజియం చదువు అక్కరకొచ్చింది. మన వస్త్రకళలో మేలైన నమూనాలు ఎన్నో మన దేశంలో లేవు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం లాంటి చోట్ల భద్రంగా ఉన్నాయి. ఆమె అక్కడికి వెళ్లి, వాటిని చూసి, వాటి లెక్కలు అర్థం చేసుకుని, పాత బుటాలను, మామిడిపిందె అంచులను, లతలను మళ్లీ అచ్చులకెక్కించారు. పోయిన సొత్తును మళ్లీ ఇంటికి తెచ్చుకోవడం లాంటిది ఆ పని. అచ్చు చెక్కించడం, అద్దించడం, నచ్చకపోతే మళ్లీ చెక్కించడం, ఇలా ఏళ్ల తరబడి సాగిన ఓపిక అది.

ఈ మాట చెప్పేటప్పుడు తెలుగువాళ్ల గుండె కాస్త ఉప్పొంగితే తప్పులేదు. ఆ మ్యూజియంలలో భద్రపరిచిన అద్దకపు బట్టల్లో కోరమాండల్ తీరం నుంచి వెళ్లినవి ఎన్నో ఉన్నాయి. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తకశాల పెట్టింది ప్రధానంగా ఈ బట్టల కోసమే. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరేసిన నూలు మీద, ఇనుమూ బెల్లమూ పులియబెట్టి తీసిన నలుపుతో గీతలు, పటిక సాయంతో నిలిచే ఎరుపు, ఇలా తయారైన మన కలంకారీ అక్కడి దొరసానుల గౌన్లయింది, మంచాల మీద దుప్పట్లయింది. ఉతికినకొద్దీ మెరుగయ్యే ఆ రంగుల ముందు తమ నేతగాళ్లు నిలబడలేరని ఫ్రాన్స్ 1686లో ఈ బట్టల మీద నిషేధం పెట్టింది. ఇంగ్లండు 1700లో ఒకసారి, 1721లో మరింత గట్టిగా కట్టడి చేసింది. రెండు రాజ్యాలు చట్టం చేసి ఆపాల్సి వచ్చిన చేతిపని అది. మచిలీపట్నం దుప్పట్ల మీద విరివిగా కనిపించే కల్పవృక్షం నమూనా పేరునే, ట్రీ ఆఫ్ లైఫ్ అని, రీతూ కుమార్ గారు భారతీయ వస్త్ర చరిత్రను వేదిక మీద కళ్లకు కట్టించిన తన ప్రదర్శనలకు పెట్టుకున్నారు.

ఇక జర్దోసి సంగతి. మన దగ్గర మగ్గం వర్క్ అంటామే, చెక్క చట్రానికి బట్ట బిగించి నలుగురు చుట్టూ కూర్చుని జరీ తీగలతో కుట్టే పని, దానికి మూలం ఈ జర్దోసి. మొగలు దర్బారుల్లో వెలిగిన ఆ కళ రాజ్యాలు పోయాక పోషణ లేక చితికిపోయింది. 1970లలో రీతూ కుమార్ గారు బెంగాల్‌లోని రాణిహాటిలో ఆ పనివాళ్లను కూడగట్టి, పాత వస్త్రాలు చూపించి, పాత మేలిమిని తిరిగి రాబట్టారు. ట్రేసింగ్ కాగితం మీద గీసిన నమూనాను సూదితో సన్నని బెజ్జాలు పొడిచి, దాని మీద రంగుపొడి రుద్ది బట్ట మీదికి దించడం దగ్గర్నుంచి, దబ్కా, సల్మా తీగలు, సితారా తళుకులు ఒక్కొక్కటి ఎక్కడ పడాలో, ఎక్కడ బట్టను ఖాళీగా వదలాలో దాకా ప్రతిదీ మళ్లీ నేర్చుకోవాల్సిన పనే. ముఖ్యంగా ఆ వదలడం. ఆమె పెళ్లి దుస్తుల్లో నాకు ఎప్పుడూ నచ్చేది అదే. బట్టంతా బంగారంతో కప్పేయాలన్న ఆరాటం ఉండదు, బట్ట రంగుకు ఊపిరాడేంత చోటు ఉంటుంది.

పెళ్లి బట్టలను ఎంచుకోవడంలో ఆమె వ్యాపార వివేకం కూడా కనిపిస్తుంది. మన దేశంలో కుటుంబం ఏ ఖర్చు తగ్గించుకున్నా పెళ్లికూతురి బట్టల ఖర్చు తగ్గించుకోదు. చేతిపనులను నిలబెట్టడానికి ప్రభుత్వ బోర్డులు ప్రదర్శనలు పెట్టాయి, శిక్షణలిచ్చాయి, పురస్కారాలిచ్చాయి. ఆ పని గొప్పదే. హస్తకళల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ లాంటి మహనీయులు లేకపోతే మన శ్రీకాళహస్తి కలంకారీ ఈపాటికి పుస్తకాల్లో మాటగా మిగిలేది. అయితే శిక్షణ పొందిన చేతికి ఏడాది పొడవునా, ఏటేటా పని ఉండాలంటే ఏటేటా కొనే చేతులు కావాలి. రీతూ కుమార్ గారు ఆ కొనే చేతులను తయారుచేశారు. ఈ రోజు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏ పెళ్లికూతురైనా జర్దోసి లెహంగాయో మగ్గం వర్క్ జాకెట్టో సహజంగా అడుగుతోందంటే, ఆ అభిరుచికి పాదు తీసినవాళ్లలో ఆమె ఒకరు.

ఆ తర్వాతి విజయాలు వరుసగా వచ్చాయి. విశ్వసుందరి, ప్రపంచసుందరి పోటీలకు వెళ్లే భారతీయ యువతులకు ఎన్నో ఏళ్లపాటు ఆమె దుస్తులు రూపొందించారు. మన చేతిపని ప్రపంచ వేదికలెక్కింది. 1999లో భారత రాజవంశాల దుస్తుల మీద, వస్త్రాల మీద ఆమె రాసిన బృహద్గ్రంథాన్ని లండన్‌లోని క్రిస్టీస్ సంస్థ ప్రచురించింది. 2002లో కుమారుడు అమ్రీష్‌తో కలిసి యువతరం కోసం లేబుల్ అనే శాఖ ప్రారంభించారు. 2013లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించింది. పెద్ద నగరాలన్నిటిలో, మన హైదరాబాద్‌తో సహా, ఆమె పేరున్న దుకాణాలు వెలిశాయి. ఏడు పదులు దాటిన వయసులో కూడా బెనారస్ నేతపనివాళ్లతో కలిసి పనిచేశారు.

వీటన్నిటిలో నేను ఎక్కువ విలువ ఇచ్చేది ఆ పుస్తకానికి. పాత రాజకుటుంబాల పెట్టెల్లో, మ్యూజియం అరల్లో దాగిన అంగరఖాలు, ఘాగ్రాలు, పటకాలు, శాలువలు ఎవరి కోసం, ఏ ఊళ్లో, ఎలా తయారయ్యాయో శ్రద్ధగా నమోదు చేయడం డిజైనరు చేయాల్సిన పనిగా అప్పటికి ఎవరూ అనుకోలేదు. తన దగ్గరున్న నమూనాల గుట్టును గుప్పిట్లో పెట్టుకుంటేనే వ్యాపారం సాగుతుందనుకునేవాళ్లున్న రంగంలో, ముప్పై ఏళ్ల శోధనను అందరి ముందూ పరిచిన ఉదారత అది. ఆ పుస్తకం నుంచి ఎందరు నమూనాలు తీసుకున్నా ఆమె వాటా తరగలేదు, పెరిగింది.

2021లో రిలయన్స్ రిటైల్ ఆమె సంస్థలో 52 శాతం వాటా తీసుకుంది. రెండు బల్లలతో మొదలైన పని దేశంలోకెల్లా పెద్ద వర్తక సంస్థ నడిపే స్థాయికి ఎదగడం ఆమె దీక్షకు దక్కిన ఫలమే. అంత పెద్ద చేతుల్లోకి వెళ్లాక అద్దకం బల్లల సంఖ్య పెరగాలనీ, యంత్రంతో ముద్రించిన బట్ట ఎంత అమ్ముడైనా చేత్తో అద్దిన బట్టకు అదే దుకాణంలో ముందు వరుసలో చోటు ఉండాలనీ ఆమె శ్రేయోభిలాషులుగా మనసారా కోరుకుంటున్నాం. కోరుకోవడమే కాదు, అలాగే జరుగుతుందని నమ్ముతున్నాం. ఆమె పెంచిన సంస్థకు ఆమె పట్టుదల అబ్బకుండా ఎలా ఉంటుంది?

మన పెడనకు వెళ్తే ఈ నమ్మకం మరింత బలపడుతుంది. బందరు పక్కనున్న ఆ ఊళ్లో ఈనాటికీ టేకు చెక్కను ఉలితో తొలిచి అచ్చులు చేసేవాళ్లున్నారు. గీతల మధ్య చెక్కను రవ్వలు రవ్వలుగా లేపి, పూరేకు ఈనెను దారమంత సన్నగా నిలబెట్టే ఆ నేర్పు తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది. ఆ ఊరికీ సీరాంపూర్‌కీ మధ్య వెయ్యి కిలోమీటర్ల దూరం ఉంది. కానీ 1960లలో రెండు చోట్లా పనివాడి బాధ ఒక్కటే, ఈ రోజు రెండు చోట్లా ఆశ కూడా ఒక్కటే. చేతి అద్దకానికి మంచి ధర ఇచ్చి కొనుక్కోవడం గొప్ప అన్న భావన చదువుకున్న కుటుంబాల్లో వేళ్లూనడంలో రీతూ కుమార్ గారి తరానికి పెద్ద వాటా ఉంది. ఆ భావన నీడన పెడన కూడా చల్లగా ఉంటోంది. ఆమెకు తెలుగువాళ్లం అభినందన చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

అమ్మా రీతూ కుమార్ గారూ, బతుకుతెరువు కోల్పోయిన చేతులకు పని చూపించారు, మరుగున పడ్డ నమూనాలకు వెలుగు చూపించారు, ఈ దేశపు ఆడపిల్లలకు సొంత బట్ట మీద సొంత గర్వం నేర్పించారు. వెయ్యి పున్నముల వెన్నెల మీ కళ్లల్లో ఎప్పటికీ నిండుగా ఉండాలి. మీ వృత్తి వజ్రోత్సవం మీ చేతుల మీదుగానే జరగాలి, ఆ పైన నిండు నూరేళ్ల పండుగ కూడా మేమంతా కళ్లారా చూడాలి. ఆయురారోగ్య ఐశ్వర్యాభివృద్ధిరస్తు.

ఇక నిఫ్ట్‌లో, ఇతర కళాశాలల్లో దుస్తుల రూపకల్పన చదువుతున్న మన తెలుగు పిల్లలకు ఒక విన్నపం. ఆమెకు మీరు నమస్కారం చెప్పాలనుకుంటే, చదువు అయ్యాక మీ మొదటి ఆర్డరు పెడనలోనో శ్రీకాళహస్తిలోనో ఒక పనివాడికి ఇవ్వండి. ధర ఆయన్నే చెప్పనివ్వండి.